పందికి శాఖ ఉంది, చేనుకి లేదు

పోయిన కార్తీకంలో డొంకరాయి వెళ్ళొచ్చాను. నా చిన్నప్పుడు నాన్న విద్యుత్ బోర్డులో పని చేసేవారు, అక్కడి కాలనీలో మూడేళ్ళున్నాం. డొంకరాయి ఎక్కడో తెలీని వాళ్ళ కోసం: తూర్పు కనుమల్లో, సీలేరు నది మీద ఒక డ్యాము, దాని పక్కన ఒక చిన్న ఊరు. ఎగువన సీలేరులో కరెంటు తీసి వదిలిన నీళ్ళు ఇక్కడ ఆగుతాయి. ఇక్కడ ఇంకో 25 మెగావాట్లు తీసి కాలవలోకి వదిలితే, అవి కొండల మధ్య నుంచి పోయి పొల్లూరులో 460 మెగావాట్లు ఇస్తాయి. నా చిన్నప్పుడు మా క్వార్టర్స్ లో కరెంటు పోవడం అంటే తెలీదు. కొండ మీద ఊళ్ళలో కరెంటు ఉండటం అంటే తెలీదు. ఈ రెండూ పక్కపక్కనే ఉండటం అప్పట్లో వింతగా కూడా అనిపించలేదు. పిల్లలం కదా.

నాన్నకి బాగా తెలిసిన కొండరెడ్డి పెద్దాయన ఒకాయన ఉన్నాడు. అడ్డాకులూ, చింతపండూ, కొండ చీపుళ్ళూ తెచ్చి ఇచ్చేవాడు. ఇప్పుడు డెబ్భై దాటి ఉంటాయి. చూద్దామని వెళ్తే ఇంట్లో లేడు. "చేల కాడ మంచె మీదున్నాడు, రాత్రికి కూడా రాడు" అన్నారు. సరే అని నేనే ఎక్కాను కొండ. (రెండు చోట్ల కూచున్నాను, అది వేరే సంగతి. పదిహేనేళ్ళు కుర్చీలో కూచుంటే అంతే మరి.)

కొండ వాలులో చోడీ, కందీ కలిపి వేసిన చేను. ఎకరంన్నర ఉంటుందేమో. నాలుగు కర్రల మీద మంచె, కింద నెగడు. మంచె మీద ఒక ఖాళీ నూనె డబ్బా, వాయించడానికి ఒక కర్ర. చేను చుట్టూ పాత చీరలు కట్టి ఉన్నాయి. చోడి చేను మాత్రం సగమే ఉంది. మిగతా సగం రోడ్డు రోలరు తోలినట్టు పడుంది. రెండు రాత్రుల కింద అడవి పందులు పడ్డాయట.

"నిద్రపోయావా తాతా?" అన్నాను, ఏం అనాలో తెలీక.

"ఓ గంట కన్నంటుకుంది బాబూ. ఆ గంటలోనే వచ్చినాయి."

మాటల మధ్యలో ఆయనే అడిగాడు, "మీ కంపెనీలో రాత్రి డ్యూటీ చేస్తే డబ్బులిస్తారా?" అని.

"ఇస్తారు తాతా. ఫోను పక్కన పెట్టుకుని పడుకున్నా ఇస్తారు."

ఆయన పడీ పడీ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నెలలో ఒక వారం ఆన్ కాల్ పడితే మనం ఎంత గోల చేస్తామో మనందరికీ తెలుసు. ఆయన గింజ పాలు పోసుకున్న దగ్గర్నుంచి కోత దాకా ప్రతి రాత్రీ ఆన్ కాలే. అలవెన్సు లేదు, షిఫ్టు మార్చుకోవడానికి ఇంకో మనిషి లేడు, ఎస్కలేట్ చేద్దామంటే పైన ఎవరూ లేరు.

ఈ చివరి మాట మీదే ఈ టపా. పైన ఎవరూ లేరు.

నష్టపరిహారానికి అర్జీ పెట్టావా అని అడిగాను. రెండేళ్ళ కింద కొడుకు పెట్టాడట. ఆఫీసు పేరు, ఊరి పేరు అక్కర్లేదు. మొదట "మాది కాదు, ఫలానా శాఖ వాళ్ళని అడగండి" అన్నారు. ఆ శాఖ వాళ్ళు "జంతువు మాది కాదు కదా, వాళ్ళనే అడగండి" అన్నారు. తిరిగి మొదటి చోటికే వెళ్తే భూమి కాగితం తెమ్మన్నారు. ఈయనది పోడు చేను. తాతల నాటి నుంచి చేస్తున్నా పట్టా లేదు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది, దాని కింద పెట్టుకున్న దరఖాస్తు ఎక్కడుందో ఆయనకి తెలీదు. కాగితం లేదు కాబట్టి చేను లేదు. చేను లేదు కాబట్టి పంది ఏమీ తినలేదు. కేస్ క్లోజ్డ్.

మన భాషలో చెప్పాలంటే ఇది అసైనీ లేని టికెట్. రెండు టీముల మధ్య నాలుగు సార్లు అటూ ఇటూ తిరిగి చివరికి 'నాట్ రీప్రొడ్యూసిబుల్' అని మూసేసిన టికెట్. మనం ఇలాంటివి వందలు చూశాం. అందులో ఎవరూ దుర్మార్గులు ఉండరు. ప్రతి వాడూ తన పని తాను చేస్తాడు. ఆ పని మాత్రం ఎవరి పనీ కాదు, అంతే.

ఇక్కడ చట్టం ఏమంటుందో కాస్త చూద్దాం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972. దాని ప్రకారం ప్రతి రాష్ట్రానికీ ఒక చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్ ఉంటాడు. ఐ.ఎఫ్.ఎస్. లో బాగా పైకి వచ్చిన వాళ్ళకిచ్చే పదవి. తొమ్మిదో సెక్షన్ వేటని నిషేధిస్తుంది. పదకొండో సెక్షన్ మినహాయింపులు చెప్తుంది: షెడ్యూల్ 1 జంతువు మనుషుల ప్రాణాలకి ప్రమాదం అయితే, అదీ పట్టుకోవడం, మత్తిచ్చి తరలించడం కుదరదని తేలితేనే చంపడానికి చీఫ్ వార్డెన్ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. మిగతా షెడ్యూళ్ళ జంతువులైతే, ఆస్తికీ, నిలబడి ఉన్న పంటకీ నష్టం చేస్తున్నా అనుమతి ఇవ్వొచ్చు. ప్రాణం కాపాడుకోవడానికి చంపితే నేరం కాదు. పంట కాపాడుకోవడానికి సొంతంగా చంపితే నేరం.

నేను ఈ చట్టానికి వ్యతిరేకిని కాను. ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే కామెంట్లలో అక్షింతలు ఖాయం. ఈ చట్టం లేకపోతే ఇవాళ పులి ఉండేది కాదు. 2010లో '1411' అని మనం ఫార్వర్డ్ చేసుకున్న మెయిళ్ళు గుర్తున్నాయా? నేనూ చేశాను, బ్యాడ్జీ కూడా పెట్టుకున్నాను. 2006 లెక్కలో 1411 ఉన్న పులులు 2022 లెక్కకి 3682 అయ్యాయి. గర్వపడాల్సిన సంగతే. లెక్క పెట్టారు, లెక్కకి బాధ్యుడైన ఒక సంస్థని పెట్టారు, నాలుగేళ్ళకోసారి దేశం ముందు చెప్పారు. అందుకే పెరిగాయి.

మరి పాడైన చేల లెక్క ఏది? నాలుగేళ్ళకోసారి దేశం ముందు పెట్టే అంకె ఏది? పులి పిల్ల పుడితే కెమెరా ట్రాప్ ఫొటో పేపర్లో వస్తుంది. చోడి చేను పోతే మంచె మీద ముసలాయనకి తప్ప ఎవరికీ తెలీదు. మేనేజర్లు మనకి చెప్పే మొదటి పాఠం ఇదే కదా, కొలవని దాన్ని ఎవడూ బాగు చెయ్యడు అని. ఇక్కడ కొలవడం కూడా ఎవరి ఉద్యోగమూ కాదు.

ఇప్పుడు అమెరికా సంగతి. అమెరికా అనగానే 'మొదలెట్టాడ్రా' అనుకోకండి. అక్కడ ఉన్న మన వాళ్ళలో చాలా మందికి కూడా తెలీని శాఖ ఒకటుంది. వాళ్ళ వ్యవసాయ శాఖలో 'వైల్డ్ లైఫ్ సర్వీసెస్' అని ఒక విభాగం. పేరు చూసి జంతువుల్ని కాపాడే వాళ్ళనుకుంటాం. కాదు. జంతువులు చేసే నష్టాన్ని చూసుకోవడమే వాళ్ళ పని. దానికి 1931లో ప్రత్యేకంగా చట్టం చేశారు. మధ్యలో కొన్నాళ్ళు ఇంటీరియర్ శాఖకి వెళ్ళి, 1980లలో తిరిగి వ్యవసాయ శాఖకి వచ్చింది. 1997 దాకా దాని పేరే 'యానిమల్ డ్యామేజ్ కంట్రోల్'. 2009లో హడ్సన్ నదిలో విమానం దిగింది గుర్తుందా? ఇంజన్లలో పడ్డవి కెనడా బాతులు. విమానాశ్రయాల చుట్టూ ఆ బాతుల బెడద చూసే బయాలజిస్టులు ఈ శాఖ వాళ్ళే. కొలరాడోలో ఫోర్ట్ కాలిన్స్ అనే ఊళ్ళో వీళ్ళకి సొంత పరిశోధనా కేంద్రం ఉంది.

ఈ శాఖకి పైన ఒక డెప్యూటీ అడ్మినిస్ట్రేటర్ ఉంటారు. విలియం క్లే అనే ఆయన చాలా ఏళ్ళు చేశాడు. తర్వాత జానెట్ బక్‌నాల్ అనే ఆవిడ వచ్చింది. ఆవిడ అంతకు ముందు ఇదే శాఖలో న్యూజెర్సీ డైరెక్టరుగా పని చేసింది. ఎడిసన్ లో ఉండే మన వాళ్ళు పార్కులో బాతుల రెట్టలు తొక్కకుండా గెంతుతూ నడుస్తుంటారు కదా, ఆ బాతుల మీద వచ్చే ఫిర్యాదులు చూసే ఆఫీసు అది :) అక్కడి నుంచి మొదలుపెట్టి దేశం మొత్తానికి పెద్ద అయింది. నేను చెప్పదలచుకున్నది అదే. జంతు నష్టం అనే ఒక్క విషయం మీద ఒక మనిషి కింద నుంచి పై దాకా ఎక్కడానికి అక్కడ నిచ్చెన ఉంది. ముప్పై ఏళ్ళు అదే పని చేసి, అందులోనే తల పండించుకోవచ్చు. మన దగ్గర ఆ నిచ్చెనకి మొదటి మెట్టు కూడా లేదు. ఇక్కడ ఈ సబ్జెక్టు ఒక అధికారి మిగతా పనులు చేస్తూ చేసే పని. ఏనుగులు వచ్చినప్పుడు చేసే పని. పేపర్లో వచ్చినప్పుడు చేసే పని. బాగా నేర్చుకునే లోపు బదిలీ.

ఆ శాఖ పుణ్యాత్మురాలేమీ కాదు. ఏడాదికి పది లక్షలకి పైగా జంతువుల్నీ పక్షుల్నీ చంపుతుంది. 2017లో ఐడహో రాష్ట్రంలో పొకటెల్లో దగ్గర కొయోట్ల కోసం వాళ్ళు పాతిన సైనైడ్ గొట్టం ఒకటి పేలి ఒక పిల్లవాడి మీద పడింది. వాడు బతికాడు, వాడి కుక్క అక్కడే చచ్చిపోయింది. వాళ్ళ దేశంలో వాళ్ళని తిట్టే సంఘాలు బోలెడు, ఆ తిట్లలో చాలా వాటితో నాకు పేచీ లేదు. కానీ ఒకటి గమనించండి. ఆ పది లక్షల అంకె నాకెలా తెలుసు? ఏటా ఏ రాష్ట్రంలో, ఏ జంతువుని, ఎన్నింటిని, ఏ పద్ధతిలో చంపారో, ఎన్నింటిని తరిమి వదిలేశారో వాళ్ళే లెక్క ప్రచురిస్తారు. ఆ లెక్కతోనే వాళ్ళని తిడుతున్నారు. తిట్టడానికైనా ఒక చిరునామా ఉంది. డొంకరాయి పెద్దాయనకి తిట్టడానికి కూడా ఎవరూ లేరు.

"మన సంస్కృతి వేరండీ, మనం జంతువుల్ని పూజిస్తాం" అనే వాళ్ళ కోసం కొంచెం చరిత్ర. ఇంగ్లీషు వాళ్ళ కాలంలో మన దగ్గరా నష్ట నివారణ ఉండేది, భయంకరంగా ఉండేది. తలకి ఇంత అని బహుమానం. 1875 నుంచి 1925 దాకా యాభై ఏళ్ళలో బహుమానాల కోసం చంపిన పులులు 80 వేల పైన, చిరుతలు లక్షా యాభై వేల పైన, తోడేళ్ళు రెండు లక్షలు అని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్క తేల్చారు. అదే ప్రభుత్వం 1882 మద్రాసు అటవీ చట్టంతో ఈ కొండల్లో పోడుని కట్టడి చేసింది. 1922లో అల్లూరి సీతారామరాజు వెనక జనం ఎందుకు నడిచారో ఇక్కడ కొంత అర్థమవుతుంది. అంటే ఒక కాలంలో జంతువునీ బతకనివ్వలేదు, మనిషినీ బతకనివ్వలేదు. 1972 తర్వాత జంతువు సంగతి చూడటానికి మనుషుల్ని పెట్టాం. మంచి పని. మనిషి సంగతి మాత్రం 1882 దగ్గరే ఆగింది.

ఓనర్ లేని పని జరక్కుండా ఆగుతుందా? ఆగదు. ఎవరికి తోచింది వాళ్ళు చేస్తారు. మైదానంలో ఏం చేస్తున్నారో మీకూ తెలుసు. చేను చుట్టూ తీగ లాగి కరెంటు పెడతారు. పంది చస్తుంది. కొన్నిసార్లు పక్క చేలో నీళ్ళు పెట్టడానికి వచ్చిన మనిషి చస్తాడు. 2023 మే నెలలో పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలం కాట్రగడ్డలో ఒకే చోట నాలుగు ఏనుగులు కరెంటు తగిలి చచ్చిపోయాయి. ఒరిస్సా నుంచి వచ్చిన మంద. ఆ రోజు జంతు ప్రేమికులు ఏడ్చారు, నేనూ బాధపడ్డాను. కానీ ఆ జిల్లాల్లోకి ఏనుగులు రావడం మొదలై అప్పటికి ఎన్నాళ్ళయింది? 2007లోనే శ్రీకాకుళం, విజయనగరం వైపు 'ఆపరేషన్ గజ' అని పెట్టి పట్టి తరలించబోతే రెండు ఏనుగులు చనిపోయాయి, ఆపేశారు. 2018లో మళ్ళీ మంద వచ్చింది, ఉండిపోయింది. కుప్పం వైపైతే 1980ల నుంచీ ఉన్నాయి, 1990లో కౌండిన్య అభయారణ్యమే ఏర్పాటైంది. కర్ణాటక నుంచి శిక్షణ పొందిన కుంకీ ఏనుగులు రాష్ట్రానికి వచ్చింది 2025 మే లో. రావడం సంతోషమే, వెక్కిరించను. కానీ కుప్పంలో మొదటి చెరకు తోట తొక్కినప్పుడు చేరిన ఉద్యోగి ఎవరైనా ఉండి ఉంటే ఈపాటికి రిటైరై ఉండేవాడు. ఆ సర్వీసంతా ఈ ఒక్క పని మీద పెట్టిన మనిషి ఒక్కడున్నాడా మనకి?

ఇంకోటి. 2023 ఆగస్టులో అలిపిరి నడక దారిలో ఆరేళ్ళ పాపని చిరుత చంపింది. అంతకు రెండు నెలల ముందే అదే దారిలో ఒక బాబుని పట్టుకుని వదిలేసింది. అంటే హెచ్చరిక వచ్చింది, లాగ్ లో కనపడింది, ఎవరూ పేజర్ ఎత్తలేదు. తర్వాత ఏం చేశారు? బోన్లు పెట్టి చిరుతల్ని పట్టారు, సరే. దాంతో పాటు భక్తులకి తలా ఒక కర్ర ఇచ్చారు! కొండెక్కే భక్తుడి చేతిలో కర్ర, మంచె మీద తాత చేతిలో నూనె డబ్బా. వెయ్యేళ్ళ కింద కూడా ఇవే ఉండి ఉంటాయి.

ఈ గొడవలో రెండు పార్టీలున్నాయి. ఒకటి 'కాల్చెయ్యండి' పార్టీ. రెండోది 'పాపం మూగజీవాలు' పార్టీ. 2016లో కేంద్రంలోనే ఈ రెండు పార్టీలూ కొట్టుకున్నాయి. బీహారులో నీల్గాయ్, అడవి పందుల్నీ, ఉత్తరాఖండ్ లో పందుల్నీ, సిమ్లాలో కోతుల్నీ కొంత కాలానికి 'వెర్మిన్' అని ప్రకటించి చంపొచ్చన్నారు. మేనకా గాంధీ గారు మండిపడ్డారు, పర్యావరణ మంత్రి ప్రకాశ్ జావడేకర్ రాష్ట్రాలు అడిగాయి కాబట్టే ఇచ్చామన్నారు. ఒకే మంత్రివర్గంలో ఇద్దరు మంత్రులు. టీవీలకి వారం రోజులు పండగ. ఆ వారం రోజుల్లో ఒక్క రైతుకైనా పందులు ఎన్ని ఉన్నాయో, ఎన్ని తీస్తే నష్టం ఎంత తగ్గుతుందో ఎవరైనా చెప్పారా? లేదు. ఎందుకంటే ఆ లెక్క ఎవరి దగ్గరా లేదు. కేరళ 2022లో ఒక అడుగు ముందుకేసి, పంచాయతీ అధ్యక్షులకే పందుల్ని కాల్చే అనుమతి ఇచ్చే అధికారం అప్పగించింది. 2024లో ఈ గొడవ మొత్తాన్ని రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. అది సరైందా కాదా అని వాదించొచ్చు. కనీసం 'ఇది మా సమస్య' అని ఒక ప్రభుత్వం చెయ్యెత్తింది.

నా పార్టీ మూడోది. నాకు తుపాకీ మీద ప్రేమ లేదు, ట్విట్టర్లో కన్నీళ్ళ మీదా లేదు. నాకు కావాల్సింది ఒక కుర్చీ, దాని మీద ఒక మనిషి, ఆ మనిషి పేరు మీద ఈ సమస్య.

తెలివి లేక కాదు, అది కూడా చెప్పాలి. హైదరాబాద్ రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వెన్నెముక ఉన్న జంతువుల వల్ల పంటకి జరిగే నష్టం మీద ఆలిండియా నెట్‌వర్క్ ప్రాజెక్టు ఒకటి ఏళ్ళ తరబడి పని చేస్తోంది. మొక్కజొన్న చుట్టూ ఆముదం వరసలు వెయ్యమనీ, వేరుశనగ చుట్టూ ముళ్ళున్న కుసుమ వెయ్యమనీ, వాసనకి పందులు దూరంగా పోయేలా మందు పట్టించిన తాళ్ళు కట్టమనీ, క్రూర మృగాల అరుపులు వినిపించే పెట్టెలు పెట్టమనీ చాలా కనిపెట్టారు, పొలాల్లో పరీక్షించారు. మన తెలుగు నేల మీదే జరిగిన పని ఇది. రాజేంద్రనగర్ నుంచి డొంకరాయికి ఆ తెలివిని మోసుకెళ్ళే మనిషి ఎవరు? వ్యవసాయ శాఖ వాళ్ళు పోడు చేలోకి రారు, అది అడవి. అటవీ శాఖ వాళ్ళు పంట సలహా చెప్పరు, అది వ్యవసాయం. ప్రొడక్షన్ కి డిప్లాయ్ కాని కోడ్ ఎంత గొప్పదైతే ఏం లాభం? కేంద్రం కూడా 2023 మార్చిలో ఈ విషయం మీద 14 మార్గదర్శకాల పుస్తకాలు విడుదల చేసింది. డాక్యుమెంటేషన్ బ్రహ్మాండం. చదివి చేసే మనిషే లేడు.

ఇక మన వాళ్ళు, అంటే మీరూ నేనూ, బాధ్యులయ్యే చోటికి వద్దాం. 2025 నవంబరులో కేంద్రం ఒక మంచి ప్రకటన చేసింది. ఫసల్ బీమాలో అడవి జంతువుల వల్ల పోయిన పంటకి కూడా అదనపు కవర్ ఇస్తాం, 2026 ఖరీఫ్ నుంచి అమలు, ఏ జంతువులు, ఏ జిల్లాలు అన్నది రాష్ట్రాలు చెప్పాలి అంది. చాలా ఏళ్ళుగా రైతులు అడుగుతున్నదే. షరతు ఏమిటంటే, నష్టం జరిగిన 72 గంటల్లో రైతు యాప్ లో జియోట్యాగ్ ఫొటోలు ఎక్కించాలి.

ఇది చదివి నేను మంచె గుర్తు తెచ్చుకున్నాను. తాతకి స్మార్ట్ ఫోన్ లేదు. మనవడికి ఉంది. ఆ కొండ మీద సిగ్నల్ లేదు. నా ఫోను రెండు రోజులు అలారం గడియారంగా తప్ప పనికి రాలేదు. మనవడు మారేడుమిల్లి వైపు హాస్టల్లో ఉంటాడు. పంట వివరాల దగ్గర సర్వే నంబరు అడిగితే, పోడుకి సర్వే నంబరు ఎక్కడిది? చోడీ, కందీ, సామా కలిపి వేస్తే డ్రాప్ డౌన్ లో ఏది ఎంచుకోవాలి? ఈ ప్రశ్నలు రిక్వైర్మెంట్స్ మీటింగులో ఎవరైనా అడిగారా? ఆ మీటింగులో డొంకరాయి తరఫున మాట్లాడే ఆఫీసరు ఉంటే అడిగేవాడు. లేడు కాబట్టి రైతు అంటే గుంటూరులోనో, నిజామాబాదులోనో పట్టాదారు పాసు పుస్తకం ఉన్న రైతు అనుకుని ఫారం తయారవుతుంది. మనం కట్టే ఫారాలు ఇలాగే ఉంటాయి. మ్యాండేటరీ ఫీల్డు దగ్గర ఒక ఎర్ర చుక్క పెట్టి ఇంటికెళ్ళిపోతాం. ఆ చుక్క ఒకరి సంవత్సరం తిండి.

సరే, తిట్టడం తేలిక. ఏం కావాలో చెప్పమంటారు కదా. నాకు తోచినవి:

1. రాష్ట్రంలో వన్యప్రాణి నష్టానికి ఒక పూర్తి కాలం అధికారి. చీఫ్ వార్డెన్ కింద అదనపు బాధ్యతగా కాదు. జంతువుని కాపాడే వాడినే జంతువు మీద ఫిర్యాదు తీసుకోమనడం ఇద్దరికీ అన్యాయం. అడవి, వ్యవసాయం, గిరిజన సంక్షేమం మూడు శాఖల మీదా మాట చెల్లే స్థాయి ఉండాలి.

2. ఆయన కింద ఒక కేడర్. బయాలజీ చదివిన వాళ్ళు, ఏజెన్సీ కుర్రాళ్ళు. అందులో చేరిన వాడు అందులోనే పైకి వెళ్ళాలి. పంది అడుగు చూసి ఎన్ని వచ్చాయో చెప్పగలిగిన వాళ్ళు ఆ కొండల్లో ఊరికి పది మంది ఉన్నారు. వాళ్ళ తెలివికి ఇప్పుడున్న ఒకే ఒక్క గుర్తింపు వేట కేసు.

3. పరిహారం చేనుకి ఇవ్వండి, కాగితానికి కాదు. పంట ఉందా, పోయిందా, వేసింది ఎవరు? ఊళ్ళో గ్రామసభ ఈ మూడూ పది నిమిషాల్లో చెప్తుంది. మనిషి చనిపోతే కేంద్రం 2023 డిసెంబరులో పరిహారాన్ని 5 లక్షల నుంచి 10 లక్షలు చేసింది. సంతోషం. కానీ పరిహారం రావడానికి మనిషి చావక్కర్లేని ఏర్పాటు కావాలి.

4. ఏటా లెక్క. మండలం వారీగా ఎన్ని ఫిర్యాదులు, ఎన్ని చూశారు, ఎన్నాళ్ళకి డబ్బు పడింది, ఎన్ని జంతువుల్ని తరిమారు, ఎన్నింటిని చంపారు. అందరికీ కనపడేలా. తిట్టుకోవడానికైనా.

"ఇంకో శాఖ, ఇంకో జీపు, ఇంకో బంగళా, ఇంతేగా" అనొచ్చు మీరు. ఆ ప్రమాదం ఉంది, కాదనను. కానీ అడవిలో జీపు లేని శాఖ ఏదో చెప్పండి. కరెంటుకి ఉంది, కలపకి ఉంది, వెదురుకి ఉంది, పులికి ఉంది. లేనిది చోడి చేనుకే.

"అసలు పోడు మానేస్తే పోలా? అడవిలో చేను వేసి పంది వచ్చిందంటే ఎలా?" ఇది కూడా అంటారు, నాకు తెలుసు. ఆఫీసు క్యాంటీన్లో ఇదే అన్నాడు ఒక మిత్రుడు. అతనికి నేను చెప్పిందే చెప్తాను. సీలేరు లోయలో అడవిని నీళ్ళలో ముంచింది ఆ తాత కాదు. దాని మీద పుట్టిన కరెంటు ఏ కొండ ఊరికన్నా ముందు మా క్వార్టర్స్ కి వచ్చింది, తర్వాత మైదానానికి పోయింది. ఆ కరెంటుతో చదువుకున్న వాళ్ళలో నేనొకణ్ణి. అడవి వాడుకున్నందుకు శిక్ష వెయ్యాలంటే వరసలో ముందు నేను నిలబడాలి, తాత చాలా వెనక ఉంటాడు. ఇంకో మాట. ఆయన తండ్రి కాలంలో పంది చేలో పడితే బాణంతో కొట్టేవారు, ఊరంతా కూర వండుకునేవారు. ఆ ఏర్పాటుని మనం, అంటే ఢిల్లీలో చట్టం చేసిన దేశం, ఆపేశాం. మంచి కారణానికే ఆపాం. కానీ ఒకడి చేతిలో పనిముట్టు లాక్కున్నప్పుడు ఆ పని మన నెత్తి మీద పడుతుంది కదా. పాత సిస్టమ్ షట్ డౌన్ చేసి కొత్తది ఇవ్వకుండా వెళ్ళిపోతే దాన్ని మైగ్రేషన్ అంటామా?

బయల్దేరే రోజు పొద్దున మళ్ళీ ఎక్కాను మంచె దగ్గరికి. ఆ రాత్రి పందులు రాలేదట. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మిగిలిన చోడి ఎన్నాళ్ళు వస్తుంది తాతా అంటే "సంక్రాంతి దాకా వస్తాది. తరవాత డిపో బియ్యం ఉన్నాయి గదా" అన్నాడు. నేను డబ్బులివ్వబోతే తీసుకోలేదు. "మీ నాన్న బాగున్నాడా?" అని అడిగాడు. నాన్న పోయి మూడేళ్ళయింది. చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చేలోకి దిగి పందులు వదిలేసిన కంది కాయలు ఇన్ని కోసి నా సంచిలో పోశాడు.

ఇది చదివే వాళ్ళలో బీమా ప్రాజెక్టుల్లో పని చేసే వాళ్ళుంటారు, ప్రభుత్వ యాప్ లు కట్టే కంపెనీల్లో వాళ్ళుంటారు, ఐ.ఎఫ్.ఎస్. లో తమ్ముళ్ళూ, బావమరుదులూ ఉన్న వాళ్ళుంటారు. ఆ 72 గంటల ఫారం మీ చేతి మీదుగా పోతే, సర్వే నంబరు దగ్గర ఎర్ర చుక్క పెట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: పట్టా లేని వాడి చేనుకి ఓనర్ ఎవరు? మీటింగులో ఎవరూ జవాబు చెప్పకపోతే, ఎవరూ చెప్పలేదని మినిట్స్ లో రాయించండి. కనీసం టికెట్ ఓపెన్ లో ఉంటుంది.

ఏమంటారు?